విశల్యఘ్నము
(పిల్లల తలలో గ్రుచ్చుకొనిన గాయములను, వాని శస్త్రచికిత్సను గూర్చి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో వైద్యవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, మధుమేహమును గూర్చియో రక్తపుపోటును గూర్చియో చెప్పుదునని వారు తలచి యుందురు. ఈ సభనలంకరించిన పెద్దలలో సగముమందికి ఆ రెండింటిలో నేదో యొకటి యుండుటచేత అది అందఱకును నచ్చి యుండెడిది. కాని నేను శస్త్రవైద్యుడను. ముప్పది యేండ్లుగా తలలు తెఱచి మూయుటయే నా వృత్తి. అందుచేత నాకు తెలిసిన విషయమునే, అందులోను మన యిండ్లలో ఏ నాడైనను సంభవింపగల విషయమునే ఎన్నుకొంటిని. పిల్లవాని తలలో ఏదైన వస్తువు గ్రుచ్చుకొనినచో మనమేమి చేయవలెను, ఏమి చేయరాదు, ఆసుపత్రిలో శస్త్రవైద్యుడేమి చేయును అనునదియే నేటి ప్రసంగము. వినుటకు కొంత కటువుగా నుండును. భోజనమునకు ముందు నాకు కాలము కేటాయించిన కార్యదర్శిగారిని మీరు తరువాత నిందింపవచ్చును.

మన ప్రాచీనులు శస్త్రవైద్యమునకు శల్యతంత్రమని పేరు పెట్టిరి. శల్యమనగా శరీరములో దిగబడి బాధించు బాణపు మొన, ముల్లు, ఎముక ముక్క మొదలగునవి. వానిని వెలికి తీయుటయే ఆ శాస్త్రమునకు మొదటి పని. అట్టి శాస్త్రమును వ్రాసిన సుశ్రుతుడే ఒకచోట శల్యమును తీయవలదని చెప్పుట గమనింపదగినది. ఆయన శరీరమున 107 మర్మస్థానములను పేర్కొని వానిని ఐదు తెగలుగా విభజించెను. అందొక తెగకు విశల్యఘ్నములని పేరు. శల్యము లోపలనున్నంత కాలము మనుష్యుడు బ్రతికి యుండును. దానిని పెఱికినంతనే మరణించును. చీము పట్టి అది తనంతట జాఱిపడినచో బ్రతుకును. ఇట్టి స్థానములు మూడే మూడు: కణతలకు పైగా ప్రక్కకొకటి చొప్పున నున్న ఉత్క్షేపములు రెండు, కనుబొమల నడుమనున్న స్థపని యొకటి. మూడును తలయందలివే.

శల్యము అడ్డుకొని యున్నంత వఱకు వాయువు లోపల నిలిచి యుండునని, తీసినంతనే వెలువడి పోవునని ఆయన కారణము చెప్పెను. ఆ కారణమును నేడు మనమంగీకరింపము. ప్రాచీనులకు సర్వమును తెలియునని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట పరిపాటియైనది; నేనట్లు చెప్పుట లేదు. కాని యుద్ధములలో గాయపడిన వారి ప్రక్కన కూర్చుండి, ఎవడు ఎప్పుడు ప్రాణము విడిచెనో కన్నులార చూచి వ్రాసిన మాట ఇది. చూచినది సరియైనది, చెప్పిన కారణము మాత్రము మాఱినది.

అసలు కారణమిది. మెదడు ఎముకల పెట్టెలో నున్నది. ఆ పెట్టె సాగదు. మేకో చువ్వయో లోపలికి పోవునప్పుడు దారిలోని రక్తనాళములను త్రెంచును. త్రెంచిన ఆ వస్తువే చిల్లిని అదిమి పట్టుకొని యుండును, కుండ చిల్లిలో దోపిన గుడ్డపీలికవలె. దానిని లాగితిరా, అదుము పోయి రక్తము లోపలికి కాఱును. చేతికి గాయమైనచో రక్తము బయటికి వచ్చును. మనము చూతుము, కట్టు కట్టుదుము. పుఱ్ఱెలో కాఱిన రక్తము ఎవరి కంటను పడదు. అది గడ్డకట్టి మెదడును నొక్కును. పెద్ద నాళము తెగినచో కొన్ని నిమిషములలోనే పిల్లవాడు తెలివి తప్పి ఊపిరి విడుచును. ఇంతేకాదు. వస్తువు పోయిన దారిననే వెనుకకు వచ్చునను నమ్మకము లేదు. లాగు చేయి కొంచెము వంగినను లోపలి మొన ప్రక్కనున్న మెదడును కోయును. కఱ్ఱపుల్లయైనచో విఱిగి సగము లోపలనే నిలుచును. లాగినవారు మాత్రము అంతయు వచ్చినదని ఊఱట చెందుదురు.

తన బిడ్డ కంటిలో పుల్ల దిగియుండగా చూచి చేతులు కట్టుకొని నిలువగల తల్లి యెక్కడ నున్నది? పెఱుకుట ప్రేమ చేతనే జరుగును. అందుకే ఈ మాట ముందుగా, ఎవరికిని గాయము లేనప్పుడు, ఇట్టి సభలో చెప్పవలసి వచ్చినది. ఆ నిమిషమున చెప్పిన వినువారుండరు.

ఇవి ఎక్కడనో యుద్ధరంగమున తగులు గాయములని మీరనుకొనవచ్చును. పిల్లల విషయమున యుద్ధరంగము వంటయిల్లే. పరుగెత్తుచు కత్తిపీటపై పడిన పిల్లలను చూచితిని. బొంగరపు మేకు నుదుట దిగిన వానిని చూచితిని. కూర్చున్న ప్రక్కవాడు పెన్సిలు నిలువుగా పట్టుకొనగా దానిపై కూలిన బడిపిల్లలు, మేడపైనుండి కట్టుచున్న స్తంభముల చువ్వలపై పడినవారు, పిట్టలను కొట్టు గాలితుపాకి గుండు తగిలినవారు, మన్యములో విలువిద్య ఆడుకొనుచు బాణము తగిలినవారు, వీరందఱును మా వార్డులకు వచ్చువారే. చంటిబిడ్డల నెత్తిని కుక్క కఱచినచో దాని కోఱ పుఱ్ఱెను గూడ చీల్చగలదని చాలమంది ఎఱుగరు. పైన రెండు చిన్న చుక్కలు కనబడును, అంతే.

దీనికి కారణము పిల్లల పుఱ్ఱె పలుచన. పెద్దవానికి ఎముక నాపరాయి యనుకొందము. రెండేండ్ల బిడ్డకు అది కొబ్బరిచిప్పయైనను కాదు. మాడు పూడుటకే సామాన్యముగా ఏడాదిన్నర పట్టును. కణత యెముక పలుచన. అన్నిటికంటె పలుచనిది కంటిగూటి పైకప్పు. పైరెప్ప వెనుక, కనుగ్రుడ్డునకు పైగా, కాగితము మందపు ఎముక యొకటి కలదు. దానికి పైన మెదడే. కనుగ్రుడ్డు నున్నగా గుండ్రముగా నుండుటచేత పుల్ల దానిని తప్పించుకొని, ప్రక్కగా జాఱి, ఆ పైకప్పును పొడిచికొని పోవును. కన్ను చక్కగా కనబడుచునే యుండును. రెప్పపై బియ్యపుగింజంత గాయము. ఎవరికి అనుమానము కలుగును?

నాకు కలుగలేదు. ఆ సంగతి చెప్పక తప్పదు. నేనొక చిన్న పట్టణపు ఆసుపత్రిలో నుద్యోగమున చేరిన రెండవ యేడది. అప్పటికి తలశస్త్రము నేర్చినవాడను కాను. అయిదేండ్ల పిల్లవానిని సాయంకాలము తీసికొని వచ్చిరి. పెన్సిలు పట్టుకొని పరుగెత్తుచు అరుగుపైనుండి పడెనట. నాయనమ్మ వెంటనే పెన్సిలు లాగివేసినదట. కుడి పైరెప్పపై చిన్న చీలిక. వెలుగు చూపితిని, వ్రేళ్లు లెక్కపెట్టించితిని; అన్నియు సరిగా చెప్పెను. ఒక కుట్టు వేసి, ధనుర్వాతపు సూది వేసి, మందు వ్రాసియిచ్చి పంపివేసితిని. దారిలో ఒకసారి వాంతియైనదని తల్లి చెప్పినది. భయపడి యుండునంటిని. పదునొకండవ నాడు జ్వరముతోను తలనొప్పితోను వచ్చెను. నా కన్నుల యెదుటనే ఎడమచేయి కొట్టుకొనసాగెను. నగరమునకు పంపితిమి. మెదడు ముందుభాగమున చీముగడ్డ. అందులో బొటనవ్రేలి గోరంత పెన్సిలు మొన, దానితో చెక్కపేడు.

ఆ సాయంకాలము నేను వేయవలసిన ప్రశ్న యొకటే: ఆ పెన్సిలేది? తెప్పించి చూచియున్నచో మొన లేదని తెలిసి యుండును. పిల్లవాడు బ్రతికెను. తండ్రి నన్నొక్క మాట అనలేదు. "మొదటి నాడే తెలిసియుండిన ఏమైన లాభముండెడిదా, అయ్యా?" అని మాత్రము అడిగెను. ఉండెడిదని చెప్పితిని. తరువాత నేను తలశస్త్రము నేర్చుటకు పోవుటకు ఆ ప్రశ్నయే కారణమని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఇది నాకొక్కనికే కలిగిన పొరపాటు కాదు. 1999 జూలైలో జపానుదేశపు టోకియో నగరమున నాలుగేండ్ల బాలుడొకడు వేసవి యుత్సవములో పీచుమిఠాయి పుల్ల నోట పెట్టుకొని బోర్లపడెను. పుల్ల అంగుటి నుండి లోపలికి పోయెను. ఆసుపత్రికి తీసికొనిపోగా గొంతులోని గాయమునకు మందు పూసి యింటికి పంపిరి. పిల్లవాడు వాంతి చేసికొనుచు మగతగా నుండెను. మఱునాటి ఉదయము మరణించెను. శవపరీక్షలో 7 సెంటీమీటర్లకు మించిన పుల్లముక్క మెదడులో దొరకినది. పుఱ్ఱె అడుగున పెద్ద సిర వెలువడు రంధ్రము గుండ, ఎముకను విఱుగగొట్టకయే, అది లోపలికి పోయినది. వైద్యునిపై నేరారోపణ జరిగి వ్యాజ్యము 2008 వఱకు నడచి, తుదకు నిర్దోషియని తీర్పు వచ్చినది. తీర్పు తప్పొప్పుల జోలికి నేను పోను. ఆనాడు గాయమును చూచినవానికి పుల్ల కనబడలేదు. కనబడనిదానిని వెదకవలెనను బుద్ధి మాకందఱకును అట్టి మరణముల తరువాతనే కలిగినది.

ఇక గ్రామములోనో వీధిలోనో ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు చేయవలసిన పని. మన గ్రామములలో పిల్లవానికి దెబ్బ తగిలినచో ఇరుగుపొరుగువారు ముందు పిలుచునది ఈ సభలో కూర్చున్న మీవంటి పెద్దలనే గదా! వస్తువు లోపలనుండినచో దానిని లాగరాదు, త్రోయరాదు, త్రిప్పరాదు. ఇరువైపుల గుడ్డచుట్టలు పెట్టి అది కదలకుండ ఒకరు పట్టుకొని యుండవలెను. గాయములో పసుపు గాని కాఫీపొడి గాని కూరరాదు. రక్తము కాఱుచున్నచో శుభ్రమైన గుడ్డతో అంచుల వెంట అదుమవలెను. ఎముక లొత్తుకొని పోయినచోట మీద నొక్కరాదు. తాగుటకు తినుటకు ఏమియు నీయరాదు, మత్తుమందు ఇయ్యవలసి యుండును గనుక. వాంతి వచ్చినచో తలయు ఒడలును కలిపి ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పవలెను. పొడవైన చువ్వయైనచో దానిని మంటతో కోయు యంత్రము తలదగ్గఱకు తేవలదు. అగ్నిమాపకదళమువారిని పిలిచి, చువ్వను గట్టిగా పట్టించి, తలకు దూరముగా కోయింపవలెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన 108 బండి యిప్పుడు పల్లెలకును వచ్చుచున్నది. దానికి టెలిఫోను చేయుడు. వస్తువు ముందే ఊడివచ్చినచో దానిని కడుగక పాఱవేయక వెంట తెండు. విఱిగినచో రెండవ ముక్కను, లేదా అట్టిదే మఱియొకదానిని తెండు. ఎంత పొడవు లోపలనున్నదో అది చూచి కదా మేము లెక్కకట్టవలసినది!

ఇంకొక మాట. నిజము చెప్పుడు. గాలితుపాకి తగిలిన పిల్లవానిని రాయి తగిలెనని చెప్పి తెచ్చిన పినతండ్రులున్నారు, తుపాకి తమది గనుక. రాయి తగిలిన గాయమునకును గుండు తగిలిన గాయమునకును మేము చేయు పరీక్ష వేఱు. మీ గౌరవము కొఱకు పిల్లవాని ప్రాణమును పందెమొడ్డవలదు. ఊపిరి, స్పృహ, కంటిపాప వెడల్పు ఇవి చూచి ఏ నిమిషమున ఏది మాఱెనో మేము వ్రాసికొందుము. దెబ్బ తగిలిన వెంటనే పిల్లవాడు మాటలాడెనా, ఏడ్చెనా, తెలివి తప్పెనా యనునది మీరు తప్ప మఱెవరును చెప్పలేరు.

ఆసుపత్రికి చేరిన పిల్లవానికి మొదట తలను చూడము. ఊపిరిని, నెత్తురును చూతుము. పది కిలోల బిడ్డ యొడలిలో నున్న రక్తమంతయు కలిపి సుమారు 800 మిల్లీలీటర్లు. నెత్తిచర్మము రక్తము మెండుగా గలది. ఒక తువాలు తడిసినంత రక్తము పోయినచో పెద్దవాడు లేచి నడుచును. అదే 200 మిల్లీలీటర్లు ఆ బిడ్డకు నాలుగవ వంతు. రక్తపుపోటు పడినచో గాయపడిన మెదడు రెండవసారి గాయపడును. అందుచేత రక్తము ఎక్కించుట, ప్రాణవాయువు సరిగా అందునట్లు చూచుట, ధనుర్వాతపు సూది, సూక్ష్మజీవులను చంపు మందులు, మూర్ఛలు రాకుండ మొదటి వారమునకు మందు, ఇవియన్నియు ముందు మొదలగును.

తరువాత సి.టి. స్కాను. ఎముక ఎక్కడ విఱిగెను, ముక్కలు ఎంత లోతునకు పోయెను, రక్తము గడ్డకట్టినదా, వస్తువు ఏ నాళము ప్రక్కన నున్నది, ఇవి అందులో తెలియును. కఱ్ఱ విషయమున మాత్రము అది మోసగించును. ఎండుపుల్లలో గాలి నిండియుండుట చేత స్కానులో అది గాలివలెనే నల్లగా కనబడును. గాయములోనికి గాలి దూరినదనుకొని తప్పిపోవుటకు వీలున్నది. ఇనుము లేదని నిశ్చయమైన తరువాతనే ఎమ్మారై తీయింతుము, అయస్కాంతపు బలమునకు ఇనుము లోపల కదలును గనుక. పెద్ద నాళముల దగ్గఱగా పోయినచో రంగుమందెక్కించి నాళముల చిత్రమును గూడ తీయవలెను.

శస్త్రచికిత్స యెట్లు జరుగునో నేను చేసిన ఒకదానిని చెప్పెదను. తొమ్మిదేండ్ల బాలిక. కట్టుచున్న ఇంటి మేడపైనుండి క్రింది స్తంభపు చువ్వపై పడినది. చువ్వ ఎడమ కణతకు పైగా దిగినది. సుశ్రుతుడు చెప్పిన ఉత్క్షేపము ఇంచుమించుగా అదే చోటు. అక్కడ పనిచేయుచున్న మేస్త్రి, బంధువు కాడు, కులము వాడు కాడు, ఎవరిని దగ్గఱకు రానీయక చువ్వను తలను కలిపి రెండు చేతులతో పట్టుకొనెనట. చువ్వను కోసిన తరువాత బండిలో నలువది మైళ్లు అట్లే పట్టుకొని కూర్చుండెను. మేము వచ్చి విడువుమనినను చేతులు తెఱచుకొనలేదు, బిగిసికొని పోయినవి. నర్సులు మెల్లగా ఒక్కొక్క వ్రేలు విప్పిరి.

చువ్వ బయటనుండగానే మత్తు ఇచ్చి, తలను కదలకుండ నిలిపి, నెత్తి శుభ్రపఱచి, చువ్వ చుట్టును విశాలముగా చర్మమును తెఱచితిమి. ఆ చువ్వ దిగిన రంధ్రమును పెద్దది చేయుట కాదు; దానికి దూరముగా చుట్టును ఎముకను కోసి, చువ్వ చుట్టును కొంత ఎముక నిలిపి, తక్కిన పలకను ఎత్తి తీయుదుము. అప్పుడు మెదడును కప్పిన డ్యూరా యను గట్టిపొర కనబడును. దానిని తెఱచి, చువ్వ ప్రక్కనున్న నాళములను ముందుగా చేతికి అందునట్లు చేసికొని, ఆ తరువాతనే చువ్వను వచ్చిన దారినే, కంటి యెదుట, అంగుళము అంగుళముగా వెనుకకు తీయవలెను. తీసినప్పుడు రక్తము వచ్చును. ఈసారి మాత్రము దానిని ఆపుటకు చేతులును పనిముట్లును సిద్ధముగా నున్నవి. విశల్యఘ్నమను మాటకు నేటి జవాబు ఇంతే. శల్యమును తీయరాదనుట కాదు. మూసిన పెట్టెలో తీయరాదు, తెఱచిన పెట్టెలో తీయవచ్చును.

తరువాత చచ్చిన మెదడును మెల్లగా పీల్చివేసి, వెండ్రుకలు, గుడ్డపీలికలు, మట్టి, పైపైననున్న ఎముక పేళ్లు తీసి, ఉప్పునీటితో కడుగుదుము. ఆ పిమ్మట నేను నా శిష్యులతో ఎప్పుడును చెప్పు మాట: ఇంతవఱకు చేసినది సగము పని, డ్యూరా మూయుట మిగిలిన సగము. అది నీరు కాఱనంత గట్టిగా మూయబడవలెను. చినిగి చాలనిచో నెత్తియెముకపై పొరనుండి గాని తొడనుండి గాని అతుకు తీసి వేయవలెను. ఆ బాలికకు తొడనుండి తీసితిమి. ఎముక శుభ్రముగా నున్నచో తిరిగి అమర్చవచ్చును. పెరుగు వయస్సు గనుక పిల్లలకు అది మేలు. నెత్తి పొరలుపొరలుగా కుట్టి ముగింతుము. ఆమెకు కొన్ని నెలలు మాటలు తడబడినవి. బడికి తిరిగి పోయినది.

లోపల మిగిలిన ముక్కలను ఎంతవఱకు వెదకి తీయవలెననునది నూఱేండ్లుగా జరుగుచున్న వాదము. 1917లో బెల్జియములోని యుద్ధభూమిని హార్వీ కుషింగు అను అమెరికా వైద్యుడు గాయపు దారిని రబ్బరుగొట్టముతో కడిగి, పీల్చి, ఎముక ముక్కలను వెదకి తీసి, నెత్తిని మూయు పద్ధతిని ఏర్పఱచెను. మూడు నెలలలో డ్యూరా చినిగిన గాయములలో మరణములు నూటికి 54.5 నుండి 28.8కి దిగినవి. అప్పటికి పెన్సిలిను లేదు. 1943లో ఉత్తర ఆఫ్రికా యుద్ధమున హ్యూ కెయిర్న్సు, ఫ్లోరీ కలిసి దానిని గాయములకు వాడి చూచిరి. తరువాతి యుద్ధములలో ఒక్క ఎముక పేడు మిగిలినను మరల తల తెఱచి తీయవలెనను నియమము బలపడినది. దానివలన చీము తగ్గెనేమో గాని, వెదకుటలోనే మంచి మెదడు కొంత పోవుచుండెను. 1980 మొదలు 1988 వఱకు జరిగిన ఇరాను ఇరాకు యుద్ధమునను, 1982 నాటి లెబనాను యుద్ధమునను గాయపడినవారిని పెక్కేండ్లు గమనించిన వైద్యులు వేఱు సంగతి కనుగొనిరి. లోతున మిగిలిన ముక్క తనంతట అంత కీడు చేయదు. గాయమునుండి మెదడునీరు కాఱుటయే చీమునకు పెద్ద ద్వారము. 2001లో అమెరికాలో వెలువడిన నియమావళి ఈ యనుభవమును ఆధారముగా గొనెను. అందినంత తీయుము, అందనిదానికై మెదడును త్రవ్వకుము, నీరు కాఱనీయకుము అని దాని సారము.

ఇవి పెద్దవారైన సైనికుల వలన నేర్చిన పాఠములు. పిల్లలకు వాడునప్పుడు ఒక భేదము చూడవలెను. సైనికుని తలలోనిది కాగి వచ్చిన లోహము. పిల్లవాని తలలోనిది పెక్కుసార్లు మట్టిలో పడియున్న కఱ్ఱ. కఱ్ఱను విడువరాదు, అది చీమునకు గూడు. లోతునకు పోయిన గాలితుపాకి గుండును మాత్రము పెక్కుసార్లు విడిచివేయుదుము. అప్పుడు వచ్చును చిక్కు! "గుండు లోపలనే ఉంచి కుట్టివేసినారా?" అని తల్లిదండ్రులు మండిపడుదురు. తీసి చేతిలో పెట్టినచో చికిత్స జరిగినదని తృప్తి. ఇంటివద్ద పెఱుకవలదని చెప్పుటకంటె ఆసుపత్రిలో తీయలేదని ఒప్పించుట నాకెప్పుడును కష్టమగుచున్నది. గుండు కదలుచున్నదా, దాని చుట్టును చీము పట్టుచున్నదా యని కొన్ని నెలలు చిత్రములు తీసి చూతుము. ఆ రెండును జరిగినచో అప్పుడు తీయుదుము.

అందఱును బ్రతుకుదురని నేను చెప్పను. తుపాకి గుండు ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు మెదడును దాటిపోయి, కంటిపాపలు రెండును వెలుగునకు కదలక, ఊపిరి యంత్రముపై వచ్చిన బిడ్డకు శస్త్రము చేసి ఫలము లేదని చెప్పవలసిన రోజులున్నవి. ఆ మాట తలుపు దగ్గఱ నిలువబడి చెప్పరాదు; కూర్చుండి చెప్పవలెను. ఇంతకంటె ఆ సంగతి ఇక్కడ వలదు.

బ్రతికినవారి సంగతి ముఖ్యము. కుట్లు విప్పి యింటికి పంపిన నాడు చికిత్స ముగిసినదని మనవారి యూహ. ముక్కునుండి గాని చెవినుండి గాని నీరువంటిది కాఱుచున్నచో జలుబని ఊరకుండరాదు. జ్వరము, తలనొప్పి, మగత వారములు గడచిన తరువాత వచ్చినను చీముగడ్డ కావచ్చును. నాళపు గోడ దెబ్బతిని బుడగవలె ఉబ్బి, రెండు మూడు వారముల తరువాత పగులుట కలదు. అందుకే నాళముల చిత్రము మొదట బాగుండినను మరల తీయింపుమందుము, మనవారు ఖర్చు దండుగయని మానివేయుదురు. మూర్ఛల సంగతియు అట్లే. వియత్నాము యుద్ధమున మెదడులో గాయపడిన అమెరికా సైనికులను పదునైదేండ్లు చూడగా నూటికి 53 మందికి మూర్ఛలు వచ్చినవి. పిల్లలకు సరిగా అదే లెక్కయని కాదు; కాని గ్రుచ్చుకొనిన గాయము తరువాత మూర్ఛ సామాన్యమని తెలిసికొనవలెను. దానికి మందున్నది. దయ్యము పట్టినదని తాయెత్తు కట్టుటకు పోవలదు.

పిల్లల మెదడు లేతది గనుక పోయినదానిని తిరిగి కూడదీసికొనునని అందురు. కొంత నిజమే, మాటలు, నడక పెద్దవారికంటె త్వరగా వచ్చును. కాని నుదుటి వెనుకనున్న భాగము ఓర్పు, ముందుచూపు, కోపమును అణచుకొనుట మొదలగు పనులు చేయునది. అయిదేండ్ల పిల్లవానికి ఆ పనులింకను అప్పగింపబడలేదు. అందుచేత ఆనాడు లోపము కనబడదు. పదునాలుగేండ్ల నాడు చదువులో వెనుకబడి, మొండియై, చేసిన తప్పే మరల చేయుచున్నచో వాడు చెడిపోయెనని కొట్టుదురు. ఎప్పుడో మానిన గాయము ఎవరికిని జ్ఞాపకముండదు. మన విద్యార్థివసతిగృహములను నడపు మహాశయులు పిల్లవానిని చేర్చుకొనునప్పుడు, వీనికి ఎన్నడైన తలకు పెద్దదెబ్బ తగిలినదా యను ఒక్క ప్రశ్నను దరఖాస్తులో చేర్చవలెనని నా విన్నపము. సంఘమునకు దీనివలన కాగితపు ఖర్చు గూడ లేదు.

చికిత్సకు దారి నేడు మునుపటికంటె దగ్గఱయైనది. స్వాతంత్ర్యము వచ్చునప్పటికి మన దేశమున తలశస్త్రమునకు ప్రత్యేక విభాగము లేదు. 1949లో వేలూరున జేకబు చాండీగారు, 1950లో చెన్నపట్టణమున రామమూర్తిగారు ఆరంభించిరి. ఇప్పుడు విశాఖపట్టణపు కింగు జార్జి ఆసుపత్రియందును, గుంటూరు సర్వజనాసుపత్రియందును, హైదరాబాదు నిమ్సునందును ఆ విభాగములున్నవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము, పేరులు మాఱినను, బీదలకు ఇట్టి చికిత్సల ఖర్చును భరించుచున్నది. కావలసినది తొందరయే. సమీపముననున్న చిన్న ఆసుపత్రిలో ఊపిరిని రక్తమును సరిచేయించి, అక్కడ నిలువక, తలశస్త్రమున్న చోటికి పోవలెను. సంతకము చేయుటకు మేనమామ రావలెనని, పెదతండ్రి రావలెనని గంటలు గడపిన కుటుంబములను చూచితిని. తల్లి సంతకము చాలును.

ఆ పెన్సిలు పిల్లవాడు నేడు పెద్దవాడై విత్తనముల దుకాణము నడపుచున్నాడు. మూర్ఛమాత్రలు మానలేదు, మోటారుబండి నడుపడు, దుకాణమునకు నడచియే పోవును. ఏటేట నా దగ్గఱకు వచ్చును. కుడి పైరెప్పపై బియ్యపుగింజంత మచ్చ యింకను ఉన్నది. పోయిన సంవత్సరము తన కూతును బడిలో చేర్చితినని చెప్పుటకు ఆ పాపను వెంట తెచ్చెను. చేతిలో క్రొత్త పెన్సిలు. నేను పాప ముఖము చూచుటకు ముందు ఆ పెన్సిలు మొన చూచితిని. అతడును అదే చూచుచుండెను.